జాబితాలో మొదటి కంపెనీ

మా ఓనరు బోర్లు వేయించే కాంట్రాక్టరు. ఆయన కోపం గురించి నేను పనిలో చేరకముందే విన్నాను. నాకంటే ముందు బిల్లులు చూసినతను ఒక్క బిల్లు తప్పు పంపినందుకు మధ్యాహ్నానికల్లా ఇంటికి పోయాడట. రెండేళ్లుగా మా చేలో వేరుశనగకు విత్తనం ఖర్చు కూడా రాలేదు. ఇంట్లో నా జీతమే ఆధారం. అందుకని కొత్త సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్న రోజు మౌస్ పట్టుకోవడానికే భయపడ్డాను.

బిల్లులు ఏ కంపెనీ పేరున పోవాలో ముందు ఎక్కించాలి. తర్వాత ఒక్కో ప్రాజెక్టునూ ఒక కంపెనీ కింద చేర్చాలి. ఓనరుకు ఇప్పుడున్నది ఒకటే కంపెనీ. అయినా, "ముందు మా నాయనది పెట్టుమ్మా. ఆయప్పతోనే గదా అంతా మొదలైండేది," అన్నాడు. ఆ పెద్దాయన పోయాక ఆ కంపెనీ మూసేశారు. దేవుడి పటం పెట్టినట్టు దాన్ని పైన పెట్టి, ఓనరుది కింద పెట్టాను.

కంబదూరు దగ్గర ఒక సోలార్ ప్లాంటుకు మూడు బోర్లు వేశాం. ఆ ప్రాజెక్టు తెరిచి, వివరాలు నింపి బిల్లు పంపాను. మర్నాడు వాళ్ల ఆఫీసు నుంచి ఫోన్. "ఏమ్మా, మూసేసిన కంపెనీ పేరుతో బిల్లు పంపినారే? ఇది చెల్లదు. వాపసు పంపిస్తాండాం."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మనం కంపెనీని ఎంచకపోతే సాఫ్ట్‌వేర్ జాబితాలో పైనున్నదాన్నే తీసుకుంటుందని నాకేం తెలుసు! ఓనరు రావడానికి ఇంకా గంట ఉంది. చప్పుడు చేయకుండా కొత్త బిల్లు పంపేస్తే? పంపేదాన్నే. వాళ్లు ఆయనకూ ఫోన్ చేస్తారేమోనని ఆగిపోయాను. నా నిజాయితీ అంతా ఆ భయమే.

ఆయన రాగానే చెప్పేశాను. "రేపట్నుంచి రావద్దా అన్నా?" అని కూడా నేనే అడిగాను.

ఆయన తెర మీద వాళ్ల నాయన పేరు చూస్తూ నిలబడ్డాడు.

"దాన్ని తీసేయల్లనా?"

"ఉంటే మళ్లీ ఇట్లే అవుతాదన్నా."

"అయితే నేను బయటికి పోయినంక తీసేయి."

గడప దాటి, వీపు నావైపు పెట్టి నిలబడ్డాడు. నేను డిలీట్ నొక్కాను.

"అయిపాయనా?" తిరిగి చూడకుండానే అడిగాడు.

"అయిందన్నా."

"ఇంగ నా పేరుతో బిల్లు కొట్టు. రేపు తొందరగా రా."