ఆకుపచ్చ సారు

ఒక చొక్కా రంగును ఆధారం చేసుకుని ఒక అమ్మాయి చదువును నాట్ల మడిలో దించబోయిన ఘనుడి కథ ఇది. ఆ ఘనుణ్ణి నేనే కనుక, ఎంత నవ్వినా పరువునష్టం దావా వేయను.

కరోనా కాలంలో బడులు మూతపడి, సర్కారు బడి పిల్లలకు టీవీలో పాఠాలు వచ్చేవి. వాళ్లు చూశారో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం మా విధి. సూర్యాపేటలో ఇంట్లో కూర్చుని గరిడేపల్లి పిల్లల జాబితా ముందేసుకునేవాణ్ణి. "చూసినం సార్" అన్న మాటను రుజువు లేకుండా నమ్మడం నేను బోధించే భౌతికశాస్త్రానికే అవమానమనిపించి, ఒక పరీక్ష కనిపెట్టాను.

"శిరీషా, టీవీల పాఠం చెప్పిన సారు ఏ రంగు అంగీ ఏసుకున్నడు? చూసింది చూసినట్టు చెప్పు."

"ఆకుపచ్చది సార్."

నేనూ చూశాను. మల్లెపువ్వులాంటి తెల్ల చొక్కా.

మర్నాడు పాఠం చెప్పిన మేడం చీర గురించి అడిగాను. అది నిమ్మపండు రంగు.

"అది గూడ ఆకుపచ్చనే సార్."

రెండు పరీక్షలు, ఒకటే ఫలితం. అబద్ధం శాస్త్రీయంగా నిరూపితమైందని ఆమె తల్లి మరియమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"సూస్తలేదా సార్? ఇగ ఇంట్ల కూసోబెట్టి ఏం లాభం. రేపట్నుంచి నాతోని నాట్లకు తోల్కపోత."

తొమ్మిదో తరగతి పిల్ల. ఒకసారి మడిలో దిగితే మళ్లీ బడికి వస్తుందని ఏ సూత్రమూ హామీ ఇవ్వదు. మర్నాడు పొద్దున్నే బండి తీశాను.

వెళ్లేసరికి మరియమ్మ సద్ది కట్టుకుని గడపలో నిలబడి ఉంది. "గీ ఒక్క పాఠం అమ్మా" అని బతిమాలుకుని శిరీష పాత డబ్బా టీవీ ముందు కూర్చుంది. అందులో గోడ ఆకుపచ్చ, సుద్దముక్క ఆకుపచ్చ. మీసాలు మినహా సారు మొత్తం తోటకూర కట్టలా ఉన్నాడు.

"మిర్యాలగూడల మా తమ్ముడు కొత్తది కొని ఇది ఇచ్చిండు సార్. రంగొక్కటే జర తేడ," అంది మరియమ్మ.

"టీవీ ఇట్లున్నదని నాకు చెప్పొద్దా?" అన్నాను శిరీషతో.

"మీరు సూసింది సూసినట్టు చెప్పమన్నరు గద సార్."

కామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. ఆ టీవీ కామెర్లు కొద్దిపాటివే. ఫోనెత్తిన ప్రతి పిల్లా అబద్ధాలకోరుగా తోచిన నావి ముదిరిన కామెర్లు.

"సరే, మొన్న నేను అంగీ రంగు అడిగిన సారు ఏం చెప్పిండు?"

"ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిస్తే తెలుపైతదని చెప్పిండు సార్. మా టీవీల ఆకుపచ్చ ఒక్కటే మిగిలింది. గాయన అంగీ తెల్లదే కావచ్చు."

మరియమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "గా పాఠం మీరు గూడ సూసిండ్రా సార్?" అని, కూతుర్ని ఇంట్లోనే వదిలి ఒక్కతే పొలానికి బయలుదేరింది.

చూశాను. చొక్కా వరకే చూశాను.

సమస్త కొలత పరికరాల సాక్షిగా నాటి నుంచి నాదొక ప్రతిజ్ఞ: పాఠం విన్నావా అని ఎవరినైనా పరీక్షించవలసి వస్తే, పాఠమే అడుగుతాను.