మిర్రర్ కార్డు మీద పసుపు

ఉరవకొండలో నా దుకాణంలో ఉన్నది చేత్తో తిప్పే మిషను. కార్డు మీద ఇనుప అచ్చు పెట్టి రెండు రోలర్ల మధ్య నుంచి పోనిస్తే జాలీ పూలు, నెమళ్లు, ఏది కావాలంటే అది తెగి వస్తుంది. చూసేవాళ్లు మిషను గొప్ప అనుకుంటారు. నన్నడిగితే సగం పని కార్డు ఎంచుకోవడంలోనే ఉంది. పలచనిది అచ్చులో నలిగిపోతుంది. మరీ మందమైతే సగమే తెగుతుంది, మిగతాది గోటితో గిల్లుకోవాలి. గరుకు కార్డు సన్నటి జాలీలో ఇరుక్కుంటే సూదితో ఒక్కొక్క ముక్కా పొడిచి తీయాలి. ఆ పూట నాతో ఎవరూ మాట్లాడకపోవడం మంచిది. మా ఎండలకు కొన్ని కార్డులు మధ్యాహ్నానికల్లా అప్పడంలా లేస్తాయి కూడా.

పోయిన వేసవిలో మా వీధి చివర బట్టలు కుట్టే అక్క, కూతురి పెళ్లి కార్డుల కోసం వచ్చింది. గరుకు కార్డు ఒకటి, అద్దంలా మెరిసే మిర్రర్ కార్డు ఒకటి ముందు పెట్టాను. మిర్రర్ కార్డును వేలితో రుద్ది చూసింది.

“బాగుండాది గానీ, దీని మీద పసుపు నిలుస్తాదా పాపా?”

“నిలుస్తాదిలే అక్కా. తడిపి గట్టిగా పెట్టు.”

నేను పెట్టి చూసి చెప్పిన మాట కాదది. పసుపు డబ్బా వెనక గదిలోనే ఉంది, లేచి పోవడానికి బద్ధకం. అసలు సంగతి అది కూడా కాదు. కొత్తగా తెప్పించిన జాలీ అచ్చు ఒకటి నా చేతిని నిలవనీయడం లేదు. మిర్రర్ కార్డులో అది వెన్నలా తెగుతుంది, ఫోటో తీసి స్టేటస్ పెట్టుకోవచ్చు. నా సోకు కోసం ఆమెకు ఆ కార్డు అంటగట్టాను.

“మొదటి కార్డు కణేకల్లుకే పోవల్ల, మా తమ్మునికి” అంది అక్క. వాళ్ల నాయన పోయాక చేను పంచుకునే దగ్గర అక్కాతమ్ముళ్లకు మాటలు పోయాయి. తన గడప తొక్కొద్దని అతను అన్నాడు, ఈమె తొక్కలేదు. ఈ మధ్య ఎవరితోనో పాప పెళ్లి ఎప్పుడని అడిగాడట. “నేను పోకపోయినా కార్డు పోతాది. పసుపు పెట్టి పిలిస్తే వాడు ఆగడు, వస్తాడు.” ఆ మాట అంటుంటే ఆమె ముఖం ఎంత తేటగా ఉందో నాకు ఇంకా కనబడుతూనే ఉంది.

మొదటి కార్డుకు నా దుకాణంలోనే, నా ఎదురుగానే నాలుగు మూలలా పసుపు పెట్టింది. తడి మీద ధగధగమంది. కవరులో పెట్టి కణేకల్లు పోయే తెలిసినాయన చేతికి ఇచ్చింది.

తమ్ముడు రాలేదు. పెళ్లిలో అక్క కళ్లు వాకిలి మీదే ఉన్నాయి. “కార్డు అందిందంట. అయినా రాలేదు. నాకింక తమ్ముడు లేడు” అంది. మళ్లీ నా చెయ్యి పట్టుకుని, “కార్డులు మాత్రం అందరూ మెచ్చుకున్నారు పాపా” అంది.

భోజనాల దగ్గర పక్కనామె నన్ను ఎగతాళి చేసింది. “పసుపు లేని కార్డులు ఏం ఫ్యాషనమ్మా? దివసాల కార్డేమోనని మా అత్త బెదిరిపాయ.” అందరూ నవ్వారు. చావు కార్యానికి పిలిచే కార్డుకే కదా మా వైపు పసుపు పెట్టరు! ఇంటికొచ్చి నాకిచ్చిన కార్డు తీసి చూశాను. నాలుగు మూలలూ తుడిచినట్టున్నాయి. ఎండిన పసుపంతా కవరు అడుగున రాలి ఉంది.

మరుసటి రోజు పొద్దున్నే కణేకల్లు బస్సెక్కాను. దారంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. అక్క తమ్ముడు అరుగు మీద ఉన్నాడు. నేనెవరో చెప్పుకున్నాక కూడా కూర్చోమనలేదు.

“మా అక్క దేన్నీ మర్సిపోయే మనిషి కాదు. పసుపు పెట్టలేదంటే రావొద్దనే కదమ్మా?”

“ఆ కవరు ఒకసారి తెస్తావా అన్నా?”

లోపలికి పోయి తెచ్చాడు. ఆయన అరచేతిలోకి దాన్ని దులిపాను. పసుపు పెచ్చులు రాలాయి.

“అక్క పెట్టిందన్నా. నా కండ్ల ముందరే పెట్టింది. నిలవని కార్డు ఇచ్చింది నేను. తప్పు నాది.”

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది కూడా. ఆయన ఒక్క పెచ్చు కూడా కింద పడకుండా మళ్లీ కవరులోకి ఒంపుకున్నాడు.

“పాపను గంపలో ఎవరెత్తుకొచ్చినారు?” అన్నాడు.

పెళ్లికూతుర్ని కూర్చోబెట్టి మేనమామ పందిట్లోకి ఎత్తుకురావాల్సిన గంప అది. అబద్ధం చెబుదామని కూడా అనిపించింది.

“ఎవరూ ఎత్తలేదన్నా. వేరేవాళ్లు ముందుకొస్తే మీ అక్క వద్దనింది. పాప నడుసుకుంటానే పోయింది.”