నన్నీ బీ అర్ధరూపాయి శంఖం

కోడుమూరు సంతలో ఈరక్కతో బేరమాడి గెలిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, వాళ్లకు దండం పెడతాను. ఎండుమిరపకాయలు అమ్మేది. మొగుడు పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ మిరపకాయల మీదే పెంచింది. పక్కన గోనెపట్టా పరుచుకొని దారాలు, సూదులు అమ్మేది నన్నీ బీ. ఇద్దరూ పొద్దున పోట్లాడుకునేవాళ్లు, మధ్యాహ్నానికి ఒకే సద్దిమూట విప్పుకునేవాళ్లు.

పందొమ్మిదివందల యాభై నాలుగులో నన్నీ బీకి కాళ్లు పడిపోయాయి. మరుసటి ఏడు ఈరక్క ఊరివాళ్లతో కలిసి రామేశ్వరం బయలుదేరింది. చెప్పిపోదామని వెళితే, నన్నీ బీ కొంగుముడి విప్పి అర్ధరూపాయి చేతిలో పెట్టింది.

"చెవికాడ పెట్టుకుంటే సముద్రం హోరు వినపడాల. అట్లాంటి శంఖం తేవే. నీ దుడ్లు ఒక్క కాసు కలిపినావో, నేను ముట్టను. గంజి పోసేటోళ్లు, బట్టలిచ్చేటోళ్లు... అందరి ధర్మమూ తింటాండా. ఇదొక్కటి నాది కావల్ల."

ఈరక్క ఆమె చేతిలో చెయ్యేసి ఒట్టేసింది.

రామేశ్వరం ఒడ్డున ఇసుకలోనే తట్టలు పెట్టుకొని శంఖాలు, గవ్వల దండలు అమ్ముతారు. ఈరక్క ప్రతి తట్ట దగ్గరా ఆగి, ఒక్కో శంఖాన్నీ చెవికి ఆనించి చూసింది. అర్ధరూపాయివాటిలో హోరు లేదు. హోరుమన్న దానికి, అమ్మే ముసలామె రెండు వేళ్లు చూపించింది. రెండు రూపాయలు!

"ఏమమ్మా, శంఖం అమ్ముతాండావా, సముద్రమే అమ్ముతాండావా?"

ముసలామెకు యాత్రికుల తెలుగు కొంచెం వచ్చు. నవ్వింది గానీ ధర దించలేదు. ఈరక్క లేచిపోయింది. మా సంతలోనైతే నాలుగడుగులు వేయకముందే వెనక్కి పిలుస్తారు. ఈమె పిలవలేదు! ఈరక్కే తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టింది. ముసలామె చివరికి రూపాయి దగ్గర ఆగింది, ఇక కదలనంది. ఈరక్క కొంగున డబ్బుంది, కానీ ఒట్టూ ఉంది. నేనైతే గుట్టుగా అర్ధరూపాయి కలిపేసి, ఊళ్లో అబద్ధం చెప్పేసేవాణ్ణి.

ఈరక్క తట్ట పక్కన చతికిలబడింది. "మిగతాదానికి నీ సరుకు అమ్మిపెడతా. చూస్తాండు."

"రాండప్పా, రాండి! ఇంత దూరమొచ్చి ఒట్టిచేతులతో పోతారా? యాడికి పోయినావని పిల్లోళ్లు అడిగితే ఏం చూపిస్తావప్పా?" అంటూ అలల హోరు మీదికి అరిచింది. తెలుగువాళ్లు గుంపులుగా వచ్చి మూగారు. గుడికి పిలిచిన తోటివాళ్లను, "మీరు పోండి, స్వామి యాడికీ పోడులే" అని పంపేసింది. ఎండలో, ఉప్పుగాలిలో పొద్దుగూకేదాకా అరుస్తూనే ఉంది. తట్ట సగం ఖాళీ అయింది. ముసలామె అర్ధరూపాయి కళ్లకద్దుకొని, శంఖాన్ని తానే గుడ్డలో చుట్టి ఇచ్చింది.

ఊరు చేరగానే ఈరక్క నేరుగా నన్నీ బీ గుడిసెకే వెళ్లింది. నన్నీ బీ శంఖాన్ని ఒళ్లో పెట్టుకుంది గానీ చెవికి ఎత్తలేదు.

"నీ దుడ్లు కలిపినావా?"

ఈరక్క "లేదు" అనబోయింది. మాటకు బదులు గాలే వచ్చింది. తల అడ్డంగా ఊపి, నెత్తిన చెయ్యి పెట్టుకొని ఒట్టేసింది.

నన్నీ బీ ఆమె గడ్డం పట్టుకొని తనవైపు తిప్పుకుంది.

"దుడ్లు కలపలేదు, సరే. గొంతు యాడ పారేసుకొని వచ్చినావే?"

ఈరక్క తల తిప్పుకుంది.

"యా అల్లా! ఓసి మొండిదానా, రేపు సంతలో ఎట్లా అరుస్తావే?" అంటూ నన్నీ బీ ఆమె చెయ్యి పట్టుకొని భోరుమంది.