సిలువ నుంచి ఇరవైరెండు అంగలు

మెక్సికో దేశం వెరాక్రూజ్‌లో, మా చక్కెర మిల్లు వీధిలో, పెద్దరికం కొద్దీ అందరూ 'డాన్' అని పిలిచే డాన్ సిరిలోను ఎరగని కుక్క కూడా లేదు. మిల్లు ఆవరణలో నేల కింద ఏ గొట్టం ఎటు పోతుందో ఆయన కాళ్ళకు తెలుసు. నలభై ఏళ్ళ కిందట వాటిని పాతిన మేస్త్రీ ఆయనే. నక్షాలు వరదలో పోయాయి. తోటి పనివాళ్ళు ఒక్కొక్కరే పోయారు.

కొత్త బాయిలర్‌కు పునాది తవ్వాలన్నప్పుడు ఇంజనీరమ్మ ఇట్సెల్ నేరుగా ఆయన ఇంటికే వచ్చింది. గొట్టాలు కనిపెట్టే పరికరం రావడానికి పది రోజులు పడుతుందట, అన్నాళ్ళు ఆగేది లేదని పైవాళ్ళు అంటున్నారట. తవ్వే యంత్రం నడిపేది ఆయన అల్లుడు నికనోర్. వాడి ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి; ఈలోగా ఏ తప్పు జరిగినా తీసేస్తారు. అందుకే డాన్ సిరిలో బూట్లు తుడుచుకుని, టోపీ పెట్టుకుని, పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళాడు.

ఆవరణలో చెక్క సిలువ ఒకటి ఉంది. తాపీ పనివాళ్ళు ఏటా మే మూడున దానికి కాగితప్పూలు కట్టి, పాదిరీ చేత దీవెన చేయించి, బాజాలు పెట్టి విందు చేసుకుంటారు. మిల్లులో పాతకాలం కొలతలన్నీ ఆ సిలువ నుంచే.

"ఇక్కణ్ణించి పొగగొట్టం వైపు ఇరవైరెండు అంగలు. అక్కడుంది మొలాసిస్ గొట్టం. దానికి ఇవతల ఎంత తవ్వినా భయం లేదు."

"గట్టిగా గుర్తుందా తాతా?"

"మా ఆవిడ పుట్టినరోజైనా మర్చిపోతానేమో గానీ, ఇది మర్చిపోనమ్మాయ్."

"నీ అంగలు కురచైపోయాయి మామయ్యా, ఇప్పుడు ముప్పై వెయ్యాలి!" అన్నాడు నికనోర్ యంత్రం మీంచి.

"నోర్మూసుకుని మీట లాగరా!"

అందరూ నవ్వారు. యంత్రం మూడో తొట్టెడు మట్టి ఎత్తేసరికి లోపల ఏదో ఠంగుమంది. తర్వాత నేల నల్లగా ఉబికింది. చక్కెర తీయగా మిగిలే చిక్కటి నల్ల పాకం, వెచ్చటి మొలాసిస్, నడుమెత్తు లేచి, గొయ్యి నింపి, యంత్రం చక్రాల దాకా పాకింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. డాన్ సిరిలో మాత్రం టోపీ చేత పట్టుకుని, పెదవులు కదుపుతూ అంగలు మళ్ళీ లెక్కపెట్టుకుంటున్నాడు.

మధ్యాహ్నం రొట్టెల బుట్టతో వచ్చిన భార్య దోమితిలా గోతిని చూసింది, సిలువను చూసింది.

"ఓరి దేవుడా! అయిదేళ్ళ కిందట సిలువ పండక్కి పెద్దగా ఉన్నదెవరయ్యా? బాజావాళ్ళకి ఎండ కొడుతోందని దాన్ని పీకించి మామిడిచెట్టు నీడకి జరిపించిందెవరు?"

ఆయన ఇంజనీరమ్మ దగ్గరికి పరుగెత్తాడు. "తప్పు నాదమ్మా. వాడిది కాదు."

"తెలుసు తాతా. కానీ పనిచీటీలో నీ పేరు లేదు. పేరు నికనోర్‌ది, సంతకం నాది. నా సంగతీ రేపు తేలుతుంది."

"అయితే ఇప్పుడు రాయి నా పేరు."

"ఇప్పుడు రాసి ఏం లాభం తాతా?"

ఆయన టోపీ నెత్తిన పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

సాయంత్రం నికనోర్ మొలాసిస్ అంటిన బూట్లు గుమ్మంలో విప్పి లోపలికి వెళ్ళాడు. ముసలాయన ఆ బూట్లు ఒళ్ళో పెట్టుకుని కత్తితో గీకాడు, వేణ్ణీళ్ళతో కడిగాడు. నీళ్ళు పోసినప్పుడల్లా తియ్యటి వాసన ఇల్లంతా లేచింది. చీమలు అప్పటికే బారులు తీరాయి.

"రేపొద్దుటికి ఆరిపోతాయి లేరా," అన్నాడు.

"రేపు పనికి పోయే తొందరేం లేదులే, మామయ్యా."