ఎలుకలకు పడని మల్లెపూలు

యల్లక్కకు సవతి లేదు. ఉండుంటే జుట్టు పట్టుకుని నాలుగు ఉతికేది, కడుపుమంట చల్లారేది. ఆమె కుళ్ళంతా ఎలుకల మీద. తెల్ల ఎలుకల మీద.

మొగుడు సుంకన్నకు హిందూపురం శివారు ఫార్మసీ కాలేజీలో ఎలుకల గది చూసే పని. ఆ ఎలుకలకు ఉప్పునీళ్ళు తాపి బీపీ పెంచి, మందిచ్చి, గుండె ఏమవుతుందో చూస్తున్నారు. తోకకు చిన్న పట్టీ చుట్టి బీపీ చూసేది జయచంద్ర సారు. అవి బెదరకుండా పట్టుకునేది సుంకన్న. కొత్త వాసన తగిలితే చాలు, బెదిరి బీపీ పెరుగుతుంది, లెక్క తప్పుతుంది. అందుకని సుంకన్న ఇంట్లో పౌడర్ బంద్, మల్లెపూలు బంద్. పెళ్ళాం పూలడిగితే వాసన లేని కనకాంబరాలు తెచ్చి ఇచ్చేవాడు. పుట్టినూరు రొళ్లలో ఉన్నన్నాళ్ళూ మల్లెపూలు లేకుండా సంతకు కూడా పోని మనిషి ఆమె!

ఒకరోజు కాలేజీకి క్యారియర్ ఇవ్వడానికి పోయి, ఎలుకల గది కిటికీలోంచి చూసింది. సుంకన్న ఒక ఎలుకను గుండెకానించుకుని నిమురుతున్నాడు.

"భయపడొద్దు తల్లీ, నేనుండా గదా."

పెళ్ళయిననాటి నుంచి ఆ మాట ఆమెతో ఒక్కసారీ అనలేదు. యల్లక్క ఒళ్ళు భగ్గుమంది. మర్నాడు పొద్దున అతని చొక్కా జోబులో గుప్పెడు మల్లెపూలు కుక్కి, పైన రుమాలు పెట్టింది.

సాయంత్రం సుంకన్న వాడిన పూలు ఆమె ముందు పెట్టాడు.

"అన్నిటికీ బీపీ ఎక్కిపాయ. సారు నలుగురిలో తిట్టె. నీకేం అన్యాయం చేసినాయే అవి?"

"నా మొగుణ్ణి తీసుకున్యాయి" అంది యల్లక్క.

కొన్నాళ్ళకు ఒక శనివారం సుంకన్న పెందలాడే వచ్చాడు. చేతిలో మూర మల్లెపూలు.

"పెట్టుకో యల్లీ. ఇంక బెదిరేవాళ్ళు ఎవురూ లేరు."

"ఏమాయ?"

"పని అయిపాయ. గుండెలు తీసి తూచల్ల గదా, అన్నిట్నీ సంపేసినారు. నేనే పట్టుకున్యా. నా చేతుల్లో ఒగటీ కదల్లేదు. సోమారం కొత్తవి వస్తాయంట. అంతవరకూ పెట్టుకో."

పీడ పోయిందనుకోవడానికి ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉంది యల్లక్క. తీరా ఇప్పుడు ఆ మాట నోటికి రాలేదు. సుంకన్న ముద్ద ముట్టలేదు. అది చూసేసరికి చచ్చిన వాటి మీద కూడా ఆమెకు మళ్ళీ కుళ్ళు పుట్టింది.

"నేను సచ్చినా ఇట్లనే కూడు మానేస్తావా?"

సుంకన్న ఆమె వెనక కూర్చుని, ఎలుకలను పట్టుకున్న ఆ చేతులతోనే జడలో పూలు తురమసాగాడు. యల్లక్క కదలకుండా కూర్చుంది.