వదులైన మూడు కాలర్లు

మా చెల్లెలు ఈగను చూసి దాని నడుం కొలత చెప్పగలదు. ఇందులో అబద్ధముంటే అది ఈగదే. ముప్ఫై ఏళ్లుగా చొక్కాలు కుడుతోంది. ఇంట్లో అందరం ఆమెను కత్తెరమ్మ అంటాం. గుడ్డనీ మనిషినీ ఒకేలా కత్తిరిస్తుంది కనుక.

ఆమెకు లూపస్ ఉంది. ఒంటికి కాపలా కాయాల్సిన సైన్యం ఇంటివాళ్లనే చితకబాదే జబ్బు అది. కీళ్ల నొప్పులు, నీరసం, ఎండ తగిలితే బుగ్గల మీద ఎర్రటి మచ్చలు. అందుకే కుట్టుమిషను కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడకు మారింది. పదిహేనేళ్లలో మాకో చెడ్డ అలవాటైంది: ఆమెకు తుమ్మొచ్చినా లూపస్ మీదికే నెట్టేవాళ్లం. మెడకు ఎడమపక్క చిన్న గడ్డ లేచినప్పుడూ అంతే. డాక్టరు తడిమి చూసి, "ఈ జబ్బులో గ్రంథులు వాస్తుంటాయమ్మా. నెల తర్వాత కూడా ఉంటే రండి" అన్నాడు. నొప్పి లేదు కదా అని ఆమె వెళ్లలేదు. మూడు నెలలు గడిచాయి.

ఆమె పనిలో ఒక పద్ధతి ఉంది. కొత్త కాలరు కత్తిరించగానే తన మెడకు పెట్టి చూసుకుంటుంది. ఇరవై ఏళ్లుగా ఆ మెడ పద్నాలుగు అంగుళాలు. దాన్నిబట్టే ఎవరికెంత పెంచాలో, తగ్గించాలో చూస్తుంది. టేపు కన్నా ఆ మెడ మీదే ఆమెకు నమ్మకం.

ఒకే వారంలో మూడు చొక్కాలు వెనక్కొచ్చాయి. మూడోది పక్కవీధి బస్సు డ్రైవరుది.

"అక్కా, ఈ కాలర్లో నేనూ మా ఆవిడా ఇద్దరం పడతాం. చొక్కా కుట్టావా, గుడారం వేశావా?"

"నీ మెడే చిక్కిందేమో చూసుకో."

ఆమె భర్త, మా బావగారు నవ్వారు. "వయసైపోయిందే నీకు. కొలత తప్పావు."

"నేను తప్పను" అంటూ కత్తెరమ్మ టేపు తీసి తన మెడకు చుట్టుకుంది. పద్నాలుగూ ముప్పావు. మళ్లీ చుట్టింది. అంతే. ఆమె వేళ్లు ఎడమపక్క గడ్డ మీదికి వెళ్లాయి.

"తప్పింది మెడ" అంది మెల్లగా.

మర్నాడు మూడు కాలర్లూ సంచిలో వేసుకుని ఆమే నేనూ డాక్టరు దగ్గరికి వెళ్లాం. కథ విని డాక్టరు నవ్వాడు. గడ్డను తడిమి నవ్వడం మానేశాడు.

"ఇదీ లూపసేగా?" అన్నాను.

"కావచ్చు. కానీ లూపస్ ఉన్నవాళ్లకు లింఫోమా అనే గ్రంథుల క్యాన్సరు మిగతావాళ్ల కన్నా కొంచెం ఎక్కువగా వస్తుంది. అలాగని అందరికీ రాదు. ఊహించడం ఎందుకు, గడ్డ తీసి పరీక్షకు పంపుదాం."

"పంపండి. ఊహ మీద నేను చొక్కా కూడా కుట్టను" అంది చెల్లెలు.

లింఫోమానే. కానీ ఇంకా మెడ దాటలేదు. ఆరు విడతలు మందు ఎక్కించారు. జుట్టు పోయింది, మంచినీళ్లు కూడా సహించేవి కావు. ఐదో విడతలో నా చెయ్యి పట్టుకుని, "ఇక చాల్లే అన్నయ్యా" అంది.

"ఎలా చాలుతుంది? నా చొక్కాకి ఒక చెయ్యే కుట్టావు. రెండోది ఎవరు కుడతారు?"

నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. అంత ఓపిక ఉన్నందుకు నర్సు సంతోషించింది.

ఆఖరి స్కాను రోజున డాక్టరు తెర మా వైపు తిప్పాడు.

"జబ్బు జాడ లేదమ్మా. మూడు నెలలకోసారి కనబడాలి. ఇకమీదట ఏ గడ్డనీ లూపసని వదిలేయొద్దు."

"వదలను" అని లేచి నిలబడింది. ఏడుస్తుందేమోనని నేను రుమాలు తీశాను. ఆమె చూపు డాక్టరు తెల్లకోటు మీద ఉంది.

"భుజాలు జారిపోతున్నాయి. విప్పండి."

"ఇప్పుడా? బయట ముప్ఫైమంది ఉన్నారమ్మా!"

"ఇప్పుడే."

పాపం, విప్పాడు. ఆమె దాన్ని చంకన పెట్టుకుని, వరండాలోని జనం మధ్య నుంచి పందెం గెలిచినదానిలా నడిచింది. రుమాలు నాకే పనికొచ్చింది.