తెర మీది గోడలు

పడవ ఎక్కగానే బొజ్జన్న, చేపల జాడ చూపే మిషన్ తెరను తువ్వాలు కొసతో తుడుస్తాడు. నీళ్ళు మడ్డిగా ఉంటే పవరు తగ్గిస్తాడు, తేటగా ఉంటే పెంచుతాడు. రిజర్వాయరులో మునిగిపోయిన తన ఊరి మీదికి వస్తే మాత్రం చేపల సంగతే మరిచి, అడుగు కనిపించేదాకా మీటలు నొక్కుతూనే ఉంటాడు.

ఆ రోజు తెర మీద నాలుగు రాతిగోడలు తేలాయి. “మా ఇల్లు సామీ” అన్నాడు, పక్కనున్న పడవ యజమాని వీరభద్రతో. “మేము తాళమేసి సుగ్గికి, కోతల కూలికి పోయినప్పుడు సర్వేకొచ్చి, ఈడ ఇల్లే లేదని రాసుకున్యారు. పరిహారం రాల్యా. చూడు, ఎట్ల నిలబడుండాదో.”

వీరభద్ర వంగి చూశాడు. “గోడల సందున చేపలు శానా ఉండాయి. వల దించప్పా.”

బొజ్జన్న చేప బొమ్మలు మాత్రమే చూపే సెట్టింగు నొక్కాడు. గోడలు మాయమయ్యాయి. వల దించాడు.